నల్లమొన, నూగాకు

కొండవాలు మీద పసుపుపచ్చగా విచ్చుకున్న ప్రతిదాన్నీ నేను చామంతి అంటానని మా బావకి నా మీద చులకన. అనక ఏం చేయను? బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. కాలరు వంకరగా ఉంటే నాకు కనబడుతుంది గానీ పువ్వులో తేడా ఎక్కడ కనబడుతుంది? ఆయన ఊరుకుంటాడా! "నువ్వు ఒక పువ్వంటున్నావు చూడు మరదలా, అది ఒక పువ్వు కాదు. ఆ రేకు ఒక్కోటీ ఒక్కో పువ్వు. మధ్యలో గుండీలా ఉందే, అది మళ్ళీ వందల పువ్వులు. చామంతి కుటుంబం అంటేనే అంత" అని మొదలుపెట్టేవాడు. ఒక పువ్వు గురించి అడిగితే వంద పువ్వుల సంగతి చెప్పే మనిషితో ఏం వాదిస్తాం? ఊఁ కొడుతూ మెషిను తొక్కుకునేదాన్ని.

మా ఆయన పోయాక అక్కా బావా వాళ్ళింట్లో ముందుగది నాకిచ్చారు. అందులో నా కుట్టుమెషిను, నా మంచం. మధ్యగదిలో బావ బల్ల, పుస్తకాలు, భూతద్దాలు. వెనకగది అక్కది. పిల్లల్లేరు. ఇల్లంతా ఎండుగడ్డి వాసన, గమ్ము వాసన.

ఆ ఇంట్లో ఉంటూ రెండు పువ్వుల సంగతి మాత్రం నాక్కూడా బుర్రకెక్కక తప్పలేదు. శాస్త్రంలో వాటికి నోరు తిరగని పేర్లున్నాయి. ఇంట్లో మాత్రం ఒకటి నల్లమొన, రెండోది నూగాకు. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే నెలలో పూత. పైనుంచి చూస్తే అచ్చం కవలలే. పువ్వు తల వెనక్కి తిప్పి చూడాలి. కింద చిన్న ఆకుపచ్చ గిన్నెలాంటిది ఉంటుంది. దాని మొనలు సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటే నల్లమొన. దాని ఆకు నున్నగా ఉంటుంది. గిన్నె మొత్తం ఆకుపచ్చగా ఉండి, ఆకు వెనక తెల్లటి నూగు ఉంటే నూగాకు. నల్లమొనకి నూగుండదు, నూగాకుకి నలుపుండదు.

అలా కాదు, ఈ రెండూ కాని మూడోది ఒకటుంది, దానికి మొన నలుపు, ఆకు నూగు అని లోకానికి చెప్పినవాడు మా బావ. ఆ ఒక్క మాటతోనే ఆయనకి పేరొచ్చింది, పదవొచ్చింది. నలుగురూ మాస్టారూ అని లేచి నిలబడటం మొదలైంది. కొత్త జాతి కనిపెట్టినవాడికి దానికి పేరు పెట్టే హక్కు ఉంటుందట. బావ దానికి ఒక ఆడమనిషి పేరు పెట్టాడు. మా అక్క పేరు కాదు. ఆ రోజుల్లో పువ్వుల్ని ఫోటోలు తీయడానికి కెమెరా మెడలో వేసుకుని ఆయన వెంట కొండెక్కే ఆవిడ ఒకతె ఉండేది. కెమెరావిడ అనేవాళ్ళం. ఆవిడ పేరు. అప్పట్లో నాలుగైదేళ్ళు బావ కొండమీదే ఎక్కువున్నాడు, ఇంట్లో తక్కువున్నాడు. అంతకంటే విడమర్చి చెప్పను.

మా అక్క ఏమీ తెలియని మనిషి కాదు. ఇద్దరూ ఒకే క్లాసులో ఇదే చదువు చదివారు. పెళ్ళయ్యాక ఆయన కాలేజీకి వెళ్ళాడు, ఈవిడ వెనకగదికి వెళ్ళింది. బావ కొండ నుంచి తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, బరువు పెట్టి నొక్కి, బాగా ఎండాక తెల్లటి అట్టల మీద గమ్ముతో అతికించి, కాడ మీద సన్నటి కాగితం పట్టీ వేసేది. ఆ అట్టని షీటు అంటారు. వానాకాలంలో బావ తీరిగ్గా కూర్చుని ఆ షీట్లు చూసి, రాసుకుని, వ్యాసాలు పంపేవాడు. మా అక్క చేసిన షీటు చూస్తే మొక్క ఇప్పుడే నేలలోంచి లేచి వచ్చినట్టుండేది. అంత పనితనం.

ఆ ఏడు పూత మొదలవుతుండగా బావ పాత శిష్యుడు ఫోన్ చేశాడు. ఈ ప్రాంతపు పువ్వులన్నిటి మీదా పెద్ద పుస్తకం ఒకటి తయారవుతోంది, దానికి అతనే సంపాదకుడు.

"మాస్టారూ, మీ మూడో జాతికి ఉన్నది ఒక్కటే షీటు. తర్వాత ఎవరికీ కనబడలేదు. మొక్క ఇంకొకటి చూపిస్తే చాలు, పుస్తకంలో ఉంచుతాను. లేకపోతే తీసెయ్యక తప్పదు. కమిటీ నా మాట వినదు" అన్నాడు.

బావ ఫోన్ పెట్టేశాడు. ఆయన సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క మొక్కే కదా. మర్నాడు పొద్దున్నే చేతికర్ర తీసుకుని కొండకి బయలుదేరాడు. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి. గుండెకి మందులు వాడుతున్నాడు. మెట్లు కూడా చూసి ఎక్కమని డాక్టరు చెప్పాడు. అయినా రోజూ వెళ్ళడం, సాయంత్రానికి దుమ్ముకొట్టుకుపోయి రావడం, చెప్పులు విప్పడానికి కూడా వంగలేక గుమ్మంలో కూలబడటం. నేనే విప్పేదాన్ని. పాదాలు బూరెల్లా ఉబ్బిపోయి ఉండేవి.

అక్క మాత్రం తన గదిలోంచి తొంగి కూడా చూసేది కాదు. నాకు ఒళ్ళు మండింది. ఒకరోజు ఆయన అటు వెళ్ళగానే మెషిను ఆపి వెనకగదిలోకి వెళ్ళాను.

"నువ్వసలు మనిషివేనా? ఆ మోకాళ్ళతో ఆయన కొండెక్కుతుంటే నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నావేంటే? పడితే ఎత్తేవాళ్ళు కూడా లేరక్కడ. కోపం ఉంటే ఉంది, అది ఎప్పటి సంగతి! ఆపవే ఆయన్ని."

అక్క చేతిలో కాగితం కత్తిరిస్తోంది. తలెత్తలేదు.

"ఏమని ఆపను? అక్కడ అది లేదండీ అని చెప్పనా?"

"లేదని నీకెలా తెలుసు?"

"ఎందుకంటే దాన్ని తయారుచేసింది నేను."

నాకు అర్థం కాలేదు. అక్క కత్తెర పక్కన పెట్టి, టీ గ్లాసు అందుకుని, పక్కింటి ముచ్చట చెప్తున్నంత తీరిగ్గా చెప్పింది.

"అప్పట్లో ఆయన గొప్పలు నీకు తెలుసుగా. కళ్ళు మూసుకుని కూడా నల్లమొన ఏదో నూగాకు ఏదో చెప్తా అనేవాడు. సరే, చూద్దాం అనుకున్నా. ఎండిన నూగాకు కాడ ఒకటి తీసుకుని తల కోసేశా. నల్లమొన తల తెచ్చి దాని మీద అతికించా. అతుకు మీద పట్టీ వేశా. మొగుణ్ణి ఆటపట్టిద్దామని చేశానే, ఒట్టు. కనిపెడితే ఇద్దరం నవ్వుకుందామనుకున్నా. ఆ నవ్వులో పడి మళ్ళీ ఇంటికొస్తాడేమో అని కూడా అనుకున్నా. పిచ్చిముండని."

"మరి?"

"మరేముంది. చూసి ఎగిరి గంతేశాడు. ఏమోయ్, కొత్త జాతి దొరికిందోయ్ అని ఇల్లంతా తిరిగాడు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నా. ఇంకాసేపు ఆడించి చెబుదామని బయటికొచ్చా. వచ్చేసరికి ఆయన, దీనికి పేరు కూడా అనుకున్నా అన్నాడు. ఆవిడ పేరు చెప్పాడు. నా మొహంలోకి చూసి చెప్పాడే. ఇంక నోరు మూసుకున్నా."

"ఇన్నాళ్ళూనా?"

"ఇన్నాళ్ళూ. చెవిలో పువ్వు పెట్టడం అంటారు చూడు, మీ బావ చెవిలో ఉన్నది అది. వెతకనీ. ఇంట్లో ఉన్న మొగుణ్ణి నేను ఎంతకాలం వెతుక్కున్నానో నీకు తెలియదు. వెతికితే ఎలా ఉంటుందో ఆయన కూడా చూడాలి."

అబద్ధమెందుకు, ముందు నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద చదువులు, ఇన్ని సన్మానాలు, అన్నీ మా అక్క గమ్ముసీసా మీద నిలబడ్డాయా అని నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆయన పాదాలు గుర్తొచ్చాయి. నవ్వు పోయింది.

ఆ సాయంత్రమే బావ వీధి చివర్నుంచే కేకలు పెడుతూ వచ్చాడు.

"ఏమోయ్! దొరికిందోయ్! మరదలా, తలుపు తియ్యి!"

చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఒక మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. అయినా మొహం వెలిగిపోతోంది. తడిపిన రుమాల్లో చుట్టి తెచ్చిన కాడ ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఒక్కటే ఉంది, రాళ్ళ సందులో. వేరు కదపలేదు, కాడ వరకే కోశా. మళ్ళీ చిగురేస్తుంది" అన్నాడు. అక్క వెనకగదిలోంచి వచ్చింది. పెదవి వంచి నవ్వుతూనే వచ్చింది. భూతద్దం తీసుకుని పువ్వు తల వెనక్కి తిప్పింది. మొనలు నల్లగా ఉన్నాయి. ఆకు తిరగేసింది. తెల్లటి నూగు. కాడని పైనుంచి కిందిదాకా గోటితో తడిమింది. ఎక్కడా అతుకు లేదు. నాకే కనబడుతోంది, మొక్క ఒక్కటే ముక్క.

అక్క మొహం పాలిపోయింది. తను ఆటకి అతికించిన దాన్ని, తేనెటీగలు ఇటు పుప్పొడి అటు మోసి నిజంగా పుట్టించాయి. దగ్గరి చుట్టాలైన మొక్కల మధ్య ఇలా ఒక్కోసారి జరుగుతుందని తర్వాత ఆవిడే నాకు చెప్పింది.

"నీ చేత్తోనే నొక్కిపెట్టు" అన్నాడు బావ. "మొదటిది నీ చేతి మీదుగానే లోకానికి తెలిసింది. రెండోది కూడా నువ్వే చెయ్యి. నా చేతులు వణుకుతున్నాయి."

ఆ మాటతో ఆగి ఉంటే ఎంత బాగుండేది! అక్క కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. నేను చూశాను, నాకు తెలుసు. ఆ క్షణాన ఆవిడ మనసు కరిగింది. ఇంకొక్క మంచిమాట పడితే అంతా చెప్పేసి ఏడ్చేసేది. కానీ మా బావకి ఎక్కడ ఆగాలో తెలిసి ఉంటే ఈ కథే లేదు.

"ముందు ఆవిడకి చెప్పాలి" అంటూ ఫోన్ అందుకున్నాడు. కెమెరావిడ ఏ ఊళ్ళో ఉందో, ఎప్పట్నుంచి ఆ నంబరు దాచుకున్నాడో. అవతల పలకగానే నవ్వాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. "దొరికింది. నీ పువ్వే! నేను చెప్పలా, ఉంటుందని?" అంటున్నాడు. అక్క ఆ కాడని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. అక్క కళ్ళు ఆరిపోయాయి. కాడ పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మరుసటి వారం శిష్యుడు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. వస్తూనే బావ కాళ్ళ దగ్గర వంగాడు. పాత షీటుని భద్రంగా పెట్టెలో పెట్టి తెచ్చాడు, పక్కపక్కన పెట్టి చూడటానికి. అక్క కొత్త షీటు తెచ్చి బల్ల మీద పరిచింది. నేను టీలు పెట్టి ఇచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

శిష్యుడు రెండింటి మీదా భూతద్దం ఆడించాడు. "అద్భుతం మాస్టారూ, మొన, నూగు, రెండూ ఉన్నాయి" అన్నాడు. బావ ఛాతీ ఉప్పొంగింది. అంతలో శిష్యుడి చెయ్యి ఆగింది. పాత షీటులో కాగితం పట్టీ ఎక్కడుందో, కొత్త షీటులోనూ సరిగ్గా అక్కడే ఉంది. పువ్వు తల కింద, పట్టీ అవసరమే లేనిచోట.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఈ పట్టీలు ఒకసారి ఎత్తి చూడనా?"

"చూడవయ్యా, నీ తృప్తి ఎందుకు కాదనాలి?" అన్నాడు బావ దర్జాగా.

శిష్యుడు దూదిని నీళ్ళలో ముంచి పాత పట్టీని తడిపాడు. పట్టకారుతో మెల్లగా లేపాడు. కింద కాడ రెండు ముక్కలు. మధ్యలో గోధుమరంగు గమ్ము. కొత్త పట్టీని కూడా తడిపి లేపాడు. దాని కింద కూడా కాడ అడ్డంగా కోసి ఉంది. బ్లేడుతో కోసిన కోత, శుభ్రంగా. దాని మీద గమ్ము.

ఆ కాడని నేను ముక్కలుగా చూడలేదు. ఒక్కటిగా చూశాను. ఏం జరిగిందో అప్పుడర్థమైంది. మా అక్క నిజం మొక్కని కోసింది. కోసి, దాని తలని దానికే, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే అతికించింది. నిజాన్ని దొంగదానిలా కనబడేట్టు చేసింది.

"ఇది... ఇది ఎలా..." అంటున్నాడు బావ. "లేదయ్యా, నేను నా చేత్తో కోశాను. వేరు అక్కడే ఉంది. పద, ఇప్పుడే చూపిస్తా." చెప్పుల కోసం వెతుక్కుంటూ లేచాడు.

"వెళ్ళకండి" అంది అక్క.

గొంతు ఎంత మెత్తగా ఉందో! తేనె రాసినట్టుంది.

"అక్కడ వేరు లేదండీ. ఏమీ లేదు. మీరు రోజూ ఆ ఎండలో పడి తిరుగుతుంటే చూడలేక నేనే అతికించి, తీసుకెళ్ళి ఆ రాళ్ళ సందులో గుచ్చి వచ్చాను. మొదటిది కూడా నేనే చేశాను. ఏదో ఆటకి చేశాను. మీ సంతోషం చూసి చెప్పలేకపోయాను. తప్పంతా నాదే బాబూ, మాస్టార్ని ఏమీ అనకండి."

"అబద్ధం!" అని అరిచాను. "అక్క ఆ రోజు గుమ్మం దాటలేదు! ఇది కొండ మొహం చూసి ఎన్నేళ్ళయింది! నిజం మొక్కే బాబూ అది, నేను కళ్ళారా చూశాను, ఒక్కటే కాడ! అక్కే కోసేసింది!"

శిష్యుడు నా వైపు జాలిగా చూశాడు. మాస్టారి పరువు కాపాడాలని ఇంటివాళ్ళు పడే తాపత్రయం అనుకున్నాడు. అంతకంటే ఏమనుకుంటాడు పాపం? అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "భర్త కోసం ఇంత చేసేవాళ్ళుంటారా అమ్మగారూ! ఈ సంగతి నా నోటి నుంచి బయటికి రాదు. పుస్తకంలో తీసేస్తాను, కారణం రాయను" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మా అక్క తలవంచుకుని నిలబడింది, ఉత్తమ ఇల్లాల్లా. ఆ చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

బావ నా మాట వింటాడనుకున్నాను. ఆయన ఆ కోసిన కాడ వంకే చూస్తున్నాడు.

"నేను చూశాననే అనుకున్నా" అన్నాడు. "మొదటిసారి కూడా చూశాననే అనుకున్నా కదా."

అంతే. ఆ రోజు నుంచి ఆయన కళ్ళని ఆయనే నమ్మడం మానేశాడు. భూతద్దాలు డబ్బాలో పెట్టేశాడు. కెమెరావిడ ఫోన్ చేసింది. తీయలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ తీయలేదు. ఇక చేయలేదు. కర్ర మూలకి చేరింది. అక్క వేళకి మందులిస్తుంది, భోజనం పెడుతుంది, ఉబ్బిన పాదాలకి కాపడం కూడా పెడుతుంది. ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో ఇంతసేపు ఉన్నది ఇప్పుడే. మొగుణ్ణి దొరకబుచ్చుకుంది మహాతల్లి. నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను గానీ ఒకే ఇంట్లో ఎన్నాళ్ళు మానేస్తాం? ఉప్పు కావాలన్నా, దారం కావాలన్నా నోరు విప్పాల్సిందే.

మళ్ళీ పూత వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం అక్క చెప్పులు వేసుకుని ఎటో వెళ్ళింది. చీర అంచుకి పల్లేరుకాయలు అంటించుకుని తిరిగొచ్చింది. నా మెషిను పక్కన ఒక పువ్వుకాడ పెట్టింది. తిప్పి చూశాను. మొనలు నల్లగా ఉన్నాయి. ఆకు వెనక నూగు.

"ఉందా ఇంకా?" అన్నాను.

"చాలా ఉన్నాయి. ఆ రాళ్ళ చుట్టూ పాకింది."

"మరి చెప్పవేం ఆయనకి? పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదట. ఆ అబ్బాయికి ఒక్క ఫోన్ చేస్తే వచ్చి నేలలోనే చూసుకుంటాడు."

"అడిగితే చెప్తా. ఆయన అడగడు" అని లోపలికి వెళ్ళి మందులసీసా తీసింది.

ఆవిడ మందు కలిపేలోపు ఆ కాడ పట్టుకుని బావ దగ్గరికి పరిగెత్తాను. "బావా, చూడు! కొండమీద బోలెడున్నాయట! ఇది నిజంది, నువ్వు కనిపెట్టిందే. లే, ఆటో పిలుస్తా, నేను తీసుకెళ్తా, కావాలంటే వీపు మీద మోస్తా!" అన్నాను.

బావ కాడ అందుకున్నాడు. తల తిప్పి మొనలు చూశాడు. ఆకు తిరగేసి నూగుని వేలితో తాకాడు. ఒక్క క్షణం ఆ కళ్ళలో పాత వెలుగు వచ్చింది. తర్వాత కాడని పువ్వు తల కింద విరిచాడు. పుటుక్కుమని విరిగింది, పచ్చి రసం కారింది. అతుకు లేదు. ఇంకొంచెం కింద విరిచాడు. అక్కడా లేదు. ఇంకా కింద విరిచాడు. మొక్కంతా ముక్కలు ముక్కలయ్యేదాకా విరిచి, ఒక్కో ముక్కా కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. చివరికి ఆ ముక్కలన్నీ నా దోసిట్లో పోశాడు.

"ఈసారి అతుకు ఎక్కడుందో నాక్కూడా దొరకలేదు మరదలా" అన్నాడు. "చాలా బాగా చేసిందని మీ అక్కతో చెప్పు."